మేడం రాయమన్న ఒక గంట

విశాఖ వెళ్ళొచ్చి పన్నెండు రోజులైంది. వరంగల్‌లో మా అపార్ట్‌మెంటు వాళ్ళందరూ బీచి ఎలా ఉందనే అడుగుతున్నారు. బీచిలో నేను ఉన్నది ఇరవై నిమిషాలు. మిగతా మూడు రోజులూ ఎక్కడున్నానో, ఏం చూశానో ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక, మా ఇందు నిద్రపోయాక కూర్చుని రాస్తున్నాను.

ఇందు మా అమ్మాయి. దానికి మూడేళ్ళ నాలుగు నెలలు. మాటలు పదో పదిహేనో వచ్చు, అవీ సగం సగం. పిలిస్తే పలకదు. నాలుగుసార్లు, ఐదుసార్లు పిలిచి, కోపమొచ్చి నేను లేచి వెళ్తే అప్పుడు తలెత్తి చూస్తుంది. డిసెంబరులో ప్లేస్కూలు టీచరు నా చేతిలో ఒక కాగితం పెట్టింది. పాప ఎవరితోనూ కలవడం లేదు, నిపుణులకు చూపించండి అని. మా అత్తమ్మ ఆ కాగితం చూసి, "మావోడు సుత నాలుగేండ్లకు మాట్లాడిండు, గాబరా పడకు" అంది. ఆమెకు ధైర్యం ఉంది. నేను సైకాలజీలో ఎం.ఏ. చేసినదాన్ని, నాకు రోగాల పేర్లు తెలుసు. రెండు నెలలపాటు ఆ కాగితాన్ని బియ్యం డబ్బా కింద దాచి, రోజూ తీసి చదువుకుని, మళ్ళీ దాచాను. ఏ నిపుణుడి దగ్గరికీ వెళ్ళలేదు. ఆ పేరు ఇంకొకరి నోట వింటే అది నిజమైపోతుందని భయం.

చివరికి, వినక తప్పకపోతే ఒక్క మనిషి నోట వినాలనుకున్నాను. ఆమె నాకు విశాఖలో పాఠాలు చెప్పిన అప్పలనరసమ్మ మేడం. పిల్లల మనస్తత్వం, ఎదిగే వయసు మనస్తత్వం ముప్పై ఏళ్ళకు పైగా బోధించి, రిటైరై మధురవాడలో ఉంటున్నారు. చదువయ్యాక ఏడాదిపాటు నేను ఆవిడ దగ్గర సహాయకురాలిగా పనిచేశాను. పెళ్ళయ్యాక ఒక్కసారి కూడా వెళ్ళలేదు. మా ఆయనకు సెలవు దొరకలేదు. ఇందూని తీసుకుని నేనే బయలుదేరాను.

ఎలమంచిలి దాటుతుండగా

తెల్లారేసరికి కిటికీలో చెరకు తోటలు, వాటి వెనక నీలంగా కొండలు. వరంగల్‌లో కొండ అంటే బండ. ఇక్కడ కొండలకు ఒళ్ళంతా చెట్లు. పదేళ్ళ కిందట మొదటిసారి ఈ దారిలో వచ్చినప్పుడు మా నాన్న పక్కన కూర్చుని ప్రతి కొండనూ లెక్కపెట్టాను.

తునిలో ఒక ముసలమ్మ తేగల గంపతో ఎక్కింది. కట్ట నలభై రూపాయలు. మా వైపు తేగలు అరుదు. ఎలా తినాలో తెలియదనుకుందో ఏమో, తనే ఒకటి ఒలిచి, నార తీసి, చీల్చి ఇందు చేతిలో పెట్టింది.

"పేరేటే గుంటా?"

ఇక్కడ గుంట అంటే పిల్ల. ఇందు తేగ నములుతూ ఆమె ముక్కుపుడక వైపు చూస్తోంది.

"సిగ్గండీ," అన్నాను. ఏడాదిగా అందరికీ చెప్తున్న మాట అదే.

"సిగ్గేటి, తేగ తింతన్నాది. నోట్లో తేగెట్టుకుని పేరెలగ సెప్తాది?" అని నా మీదే నవ్వి, గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. నా మీద ఎవరైనా అలా నవ్వి చాలా రోజులైంది.

ఎలమంచిలి స్టేషను బోర్డు వేగంగా వెనక్కి పోయింది. మేడం పుట్టిన ఊరు ఆ చుట్టుపక్కలే. వాళ్ళ నాన్నది చెరకు సాగు. పదో తరగతితో చదువు ఆపేసి బాలవాడీలో టీచరుగా చేరారట. పలకలు, బొమ్మల పుస్తకాలు చేతికిచ్చి పిల్లలకు నేర్పమంటే, ఆ బొమ్మల్లో సగం వస్తువులు ఊళ్ళో ఏ పిల్లా చూసినవి కావు. చూడని వస్తువును చెప్పలేకపోతే పిల్లకు తెలివి లేదని రాయాలి. ఆ రాయడం దగ్గర ఒళ్ళు మండి, ప్రైవేటుగా బి.ఏ. కట్టి, ఇరవై ఎనిమిదేళ్ళకు ఎం.ఏ. క్లాసులో వెనక బెంచీలో కూర్చున్నానని ప్రతి బ్యాచికీ చెప్పేవారు.

దువ్వాడలో దిగడం

ఈ దారి రైళ్ళలో కొన్ని విశాఖ స్టేషనుకు వెళ్ళవు, దువ్వాడలో ఆగి పక్కనుంచి పోతాయి. చదువుకునే రోజుల్లో కొత్తగా వచ్చిన అమ్మాయిలకు ఈ సంగతి నేనే గొప్పగా చెప్పేదాన్ని. ఇప్పుడు నేనే మర్చిపోయి అదే రైలుకు టికెట్ కొన్నాను. పక్క సీటాయన ఎక్కడ దిగుతారని అడిగాడు కాబట్టి బతికిపోయాను, లేకపోతే విజయనగరంలో తేలేవాళ్ళం. రెండు బ్యాగులు, ఒక పిల్ల, చేతిలో మిగిలిన తేగలు.

షేర్ ఆటో డ్రైవరు మమ్మల్ని చూసి ముందు సీటులో ఉన్నతన్ని దించేశాడు. "బావా, నువ్వెనక్కెళ్ళు. పిల్లతల్లి."

"నానే ముందెక్కినాను కదా బావా."

"ముందెక్కితే నీకు స్టీరింగిత్తానేటి? ఎల్లెహే."

అతను నవ్వుతూనే వెనక్కి వెళ్ళాడు. వీళ్ళు చుట్టాలు కారు. ఇక్కడ మగవాళ్ళు దారినపోయేవాణ్ణి కూడా బావా అంటారు. మా ఊళ్ళో అలా అంటే ముందు ఏ ఊరి సంబంధమని అడుగుతారు.

ఉక్కునగరం వైపు చెట్లు ఇంకా గుబురుగా పెరిగాయి. చెట్ల పైన పొగగొట్టాలు. అక్కడి ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్లలోనే శనివారం మధ్యాహ్నాలు మేడం పన్నెండు, పదమూడేళ్ళ పిల్లల్ని బడి వరండాలో కూర్చోబెట్టేవారు. ఇంటి బొమ్మ గీయమనేవారు. కోపమొస్తే ఎక్కడికి పోతావో అక్కడ చుక్క పెట్టమనేవారు. క్వార్టర్లన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఇళ్ళన్నీ ఒకే బొమ్మ. చుక్కలు మాత్రం ఒకరిది నీళ్ళ ట్యాంకు మీద, ఒకరిది నాన్న స్కూటరు వెనక, ఒకమ్మాయిది కాగితం అంచు దాటి నేల మీద. నేను ఆ నేల మీది చుక్కను తుడిచేయబోతే మేడం నా చెయ్యి పట్టుకున్నారు. ఆ ఆదివారం ఆవిడ ఒక్కరే ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళారు. ఏం మాట్లాడారో నాకెప్పుడూ చెప్పలేదు.

మధురవాడ, ఐదో అంతస్తు

మేం చదివేటప్పుడు మధురవాడ అంటే ఊరి చివర. ఇప్పుడు కొండ కనపడాలంటే రెండు అపార్ట్‌మెంట్ల మధ్య సందులోంచి తొంగిచూడాలి. మెడలో ఐటీ కంపెనీల కార్డులు వేసుకున్న కుర్రకారు బైకుల మీద, క్యాబుల్లో రివ్వున పోతున్నారు.

తలుపు మేడమే తీశారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. కళ్ళజోడు నెత్తి మీద.

"ఓలమ్మా, సిక్కిపోనావేటే. వరంగల్‌లో తిండెట్టరేటి?"

క్లాసులో మేడం పుస్తకంలా మాట్లాడేవారు. క్లాసు బయట ఇదే భాష. ఇది వినగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చూడనట్టు ఆవిడ బ్యాగులు లోపల పెట్టారు.

ఆవపెట్టిన పనసపొట్టు కూర, మజ్జిగ పులుసు. మా వైపు పనస అంటే తొనలే. పొట్టు కూర మొదట హాస్టల్లో తిని మాంసమేమోనని ఉమ్మేసిన సంగతి మేడమే గుర్తుచేసి నవ్వారు. ఆవిడకు పెద్ద పదవి రాకపోవడం గురించి కూడా నవ్వుతూనే చెప్పారు. ఇంటర్వ్యూలో విదేశాల్లో ఎక్కడ పరిశోధన చేశారని అడిగితే, "జాలారిపేటలో పదకొండేళ్ళు ఇసకలో కూర్చున్నానండి" అన్నారట. జాలారిపేట సముద్రం ఒడ్డున చేపలవాళ్ళ పేట. గోడ పొడవునా ఇనప బీరువాలు. వాటి నిండా పిల్లల గురించి రాసిన నోటు పుస్తకాలు. ఒక బీరువా తలుపు మీద నా చేతిరాతతో అంటించిన చీటీ ఇంకా ఉంది.

భోజనమయ్యాక ప్లేస్కూలు కాగితం తీసి బల్ల మీద పెట్టాను. మేడం దాన్ని విప్పలేదు. మజ్జిగ గ్లాసు దాని మీద పెట్టారు.

"ఒక్కసారి చూసి చెప్పండి మేడం. ఆటిజమేనా?"

ఆ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి. ఇందు నేల మీద గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెడుతోంది.

"నాను సెప్పను. గంటసేపు సూసి సెప్పేత్తే జ్యోతిష్కుడికీ నాకూ తేడా ఏటి? నీకు రాయడం నేర్పినాను కదా. రేపు హార్బరుకి పోదాం. ఒక గంట రాయి. పిల్ల ఇలాటిదని సెప్పే విశేషణం ఒక్కటుండకూడదు."

అది ఆవిడ పద్ధతి. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నేను ఒక పాప గురించి 'మొండిది, ఎవరి మాటా వినదు' అని రాసి గర్వంగా చూపించాను. మేడం నా చేతికి పెన్సిలిచ్చి, "మొండితనం ఎలగుంటాదో బొమ్మ గీయి" అన్నారు. గీయలేకపోయాను. చేతులు ఏం చేశాయి, కళ్ళు ఎటు తిరిగాయి, ఎవరు ఏమన్నాక ఎంతసేపటికి ఏం జరిగింది, అంతే రాయాలి. అప్పుడు నాకిది చాదస్తమనిపించేది.

ఫిషింగ్ హార్బరు

పొద్దున ఆరు గంటలకు జెట్టీ మీద అడుగు పెట్టగానే ఆ వాసన నా పదేళ్ళనూ చుట్టబెట్టి వెనక్కి లాగేసింది. డీజిలు, ఐసు, చేప. బోట్ల నుంచి తట్టలు దిగుతున్నాయి. వేలంపాట ఎవరు ఎవరితో పాడుతున్నారో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

నూకాలమ్మ అదే స్తంభం దగ్గర అదే పీట మీద ఉంది. అరవై దాటి ఉంటాయి. చేపలమ్మే మనిషి. ఆమె ముగ్గురు పిల్లలూ మేడం నోటు పుస్తకాల్లో పెరిగినవాళ్ళే.

"వచ్చేసినారా పుస్తకాల మేడం. మా గుంటలకి గుంటలు పుట్టేసినారు. ఇంకా ఏటి రాత్తారు?"

"ఇయాల నాను రాయను నూకాలమ్మా. ఈ అమ్మాయి రాత్తాది."

"రాయమనండి. వరంగల్ నుంచొచ్చి కానాగంతలు కొనకండా పోనాదని కూడా రాయమనండి."

కుప్పగా పోసిన చేపల వాటా నూట యాభై. కొన్నాను. వేలం సద్దుమణిగాక వలలు బాగుచేసే షెడ్డు నీడలో కూర్చున్నాం. అక్కడ చప్పుడు తక్కువ. ఇందూకి నూకాలమ్మ ఖాళీ తట్ట, గవ్వలు ఇచ్చింది. మేడం ఒక పక్కన కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నేను రాశాను. ఆ కాగితం నా దగ్గరే ఉంది, ఉన్నదున్నట్టు కొంత ఇక్కడ పెడుతున్నాను.

'గవ్వలు తట్టలో వేసింది. తీసింది. పెద్దవి ఒక పక్క, చిన్నవి ఒక పక్క పెట్టింది. నూకాలమ్మ ఎదురుగా కూర్చుని చెయ్యి చాపింది. ఇందు పెద్ద గవ్వ ఇచ్చింది. నూకాలమ్మ నవ్వితే నవ్వింది. వెనక నుంచి ఇందూ అని పిలిచాను. తిరగలేదు. మళ్ళీ పిలిచాను. తిరగలేదు. ఓడ కూత వేసింది. తల తిప్పి సముద్రం వైపు చూసింది. వెనక కుక్కపిల్ల కుయ్‌కుయ్‌మంది. గవ్వలు పేరుస్తోంది. కుక్కపిల్ల నీడ తట్ట మీద పడింది. తిరిగి చూసి చెయ్యి చాపింది. మేడం వెనక నిలబడి తాళాల గుత్తి ఆడించారు. తిరగలేదు. నేను ముందుకొచ్చి కూర్చుని ఇందూ అన్నాను. నా నోటి వైపు చూసింది. గవ్వ తెచ్చి నా ఒళ్ళో వేసింది.'

మేడం కాగితం తీసుకుని చదివారు. నా పెన్ను తీసుకుని మూడు చోట్ల గీత గీశారు. తిరిగి ఇచ్చేశారు. గీతలు గీసిన వాక్యాలు మూడూ చెప్పేది ఒకటే. 'తిరగలేదు.' 'గవ్వలు పేరుస్తోంది.' 'తిరగలేదు.'

నేను చదివాను. మళ్ళీ చదివాను. ఎప్పుడూ వదలని జలుబు. నోరు తెరిచి నిద్రపోవడం. టీవీ దగ్గరికి పోయి నిలబడితే నేను రెక్క పట్టి వెనక్కి లాగడం. ఇంట్లో కుక్కర్ కూతకి ఉలిక్కిపడేది కాబట్టి, చెవుల మీద నాకు అనుమానమే రాలేదు. మాటలు రాని పిల్లకు ముందు చూడాల్సింది వినికిడి అని నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. మా ఇంట్లో మాత్రం ఆ పిల్లకు తన లోకం తనది, మొండిది, మనుషులంటే పట్టదు అని ఏడాదిగా చెప్పుకున్నాను. ఒకసారి పలకలేదని వీపు మీద కొట్టాను కూడా.

"ఏటైనాదే? మొకం అలగైపోనాది," అంది నూకాలమ్మ.

"దీనికి సరిగ్గా వినపడటం లేదేమో," అన్నాను.

నూకాలమ్మ గంప మీద మూత వేసి మేడం వైపు చూసింది. "సెప్పినారా మా గౌరి సంగతి? సెప్పుండరు. మా పెద్దదాన్ని ఏడాదంతా పొగరుబోతని రాసేసినారు మీ మేడం."

"పొగరుబోతని కాదు. ముభావి అని రాసినాను," అన్నారు మేడం.

"ఆ మాటేటో నాకు తెల్దు. పిలిత్తే పలకదు, ఎవులితోనీ ఆడదని రాసినారు కదా. నాను దాని తలగడ తెచ్చి సూపించినాక కదా తెలిసినాది మీకు. తలగడంతా చీము. సెవిలోంచి కారి కారి."

మేడం కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకున్నారు. "అప్పటికి నాకు పీహెచ్‌డీ వచ్చి మూడు నెలలు. పిల్ల మనసులో ఏటుందో అని ఎతుకుతన్నాను. సెవికేసి సూడనేదు. ఆ రోజు నుంచే విశేషణాలు మానేసినాను."

అప్పట్లో నేను చాదస్తమనుకున్న పద్ధతి ఎక్కడ పుట్టిందో నాకు ఎవరూ చెప్పలేదు. ఆవిడ ఎవరికీ చెప్పలేదనుకుంటాను.

"గౌరి ఇప్పుడెలా ఉంది?" అని అడిగాను.

"పరవాడ మందుల కంపెనీలో సేత్తన్నాది. మిషన్ల గోలకి అందరూ రెండు సెవులు మూసుకుంతారు. మా దానికి ఒకటి మూసుకుంటే సాలు," అని నూకాలమ్మ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి ఇందు తల నిమిరింది. "ఎల్లండి. ఈయాలే ఎల్లండి. నాను తలగడ సూపించడానికే ఏడాది ఆగినాను. డాక్టరు కాడికెల్తే దినం కూలి పోతాదని."

కానాగంతలు ఆమె దగ్గరే వదిలేసి వచ్చాను.

చెవుల గది

మేడంకు తెలిసిన చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పరీక్ష ఎనిమిది వందలు. గోడలకు మెత్తలు అంటించిన చిన్న గది. లోపలికి వెళ్ళగానే నా ఊపిరి నాకే వినపడింది. పరీక్ష చేసే అమ్మాయి ఇందు తలకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా ఒక చెక్క దిమ్మ డబ్బాలో వేయాలని ఆటలా నేర్పింది. ఇందూకి ఆ ఆట నచ్చింది. ఒక దిమ్మ పడింది. ఇంకొకటి పడింది. తర్వాత చాలాసేపు దిమ్మ చేతిలోనే పట్టుకుని ఎదురుచూస్తూ కూర్చుంది. ఆ అమ్మాయి మీటలు నొక్కుతూనే ఉంది. ఇందు ముఖం నిండా ఆశ, ఎప్పుడెప్పుడు వేద్దామా అని. ఆ నిమిషాలు నేను మర్చిపోలేను.

ఇంకో యంత్రం రబ్బరు మొనను చెవిలో పెట్టి కాగితం మీద గీత గీసింది. ఆ గీత మధ్యలో కొండలా లేవాలట. రెండు చెవులకూ చదునుగా వచ్చింది. కర్ణభేరి వెనక నీరు చేరిందని డాక్టరు చెప్పారు. పెద్ద శబ్దాలు వినపడతాయి, మామూలు మాట నీళ్ళలో మునిగి విన్నట్టు ఉంటుందన్నారు.

"పోతుందా డాక్టర్?"

"చాలామందికి పోతుందమ్మా. మందులిస్తాను, మూడు నెలలు చూద్దాం. తగ్గకపోతే కర్ణభేరిలో చిన్న గొట్టం వేయాలి. మాటలు వెనకబడ్డాయి కాబట్టి అవి నేర్పించాలి. ఇది తగ్గాక ఇంకేమైనా ఉందేమో అప్పుడు చూద్దాం."

ఏమీ లేదని ఆయన అనలేదు. ఆ మాట కోసం నేను మేడం వైపు చూశాను. ఆవిడ కూడా అనలేదు. బయటికొచ్చాక, "ముందు వినపడనీ," అన్నారు.

ఆ సాయంత్రమే బీచిలో ఇరవై నిమిషాలు. మరమరాల ముంత మసాలా నా రోజుల్లో పది రూపాయలు, ఇప్పుడు నలభై. ఉల్లిపాయ తగ్గింది, నిమ్మకాయ పెరిగింది. మేడం మెట్ల మీద కూర్చుని, అల దగ్గర ఇందు వెనక్కీ ముందుకీ పరిగెత్తడం చూస్తున్నారు. ఈ మనిషి పక్కన ఈ మెట్ల మీద కూర్చుని జీవితమంతా పిల్లల గురించి రాయాలనుకున్న ఇరవై రెండేళ్ళ అమ్మాయి ఒకతె ఉండేది. ఆమె ఎక్కడికి పోయిందో ఆలోచించడానికి ఇంతకుముందు నాకు భయమేసేది. ఆ సాయంత్రం మాత్రం వెయ్యలేదు. మా ఆయన ఫోను చేసి మేడం ఏమన్నారని అడిగాడు. ఏమీ అనలేదు, నాతోనే రాయించారని చెప్పాను.

తిరుగు రైలు

ఈసారి సరైన స్టేషనులోనే ఎక్కాం. అనకాపల్లి బెల్లం అచ్చు, రెండు కొత్త నోటు పుస్తకాలు మేడం సంచిలో పెట్టారు. ప్లాట్‌ఫారం మీద జనం. కూలీల కేకలు, మైకులో మూడు భాషల్లో ప్రకటనలు. ఇందు కాస్త దూరంలో బెంచీ పక్కన కూర్చుని నేల మీది గళ్ళ మీద వేలితో గీస్తోంది, నాకు వీపు పెట్టి.

రైలు వస్తోంది. పిలవబోయి ఆగాను. నేను ఇంతవరకు తిట్టిన తిట్లలో సగం దానికి వినపడి ఉండవు. ఆ ఒక్క సంగతికే ఆ మూడు రోజుల్లో కాస్త ఊరట. పిలిచిన పిలుపులూ అలాగే పోయి ఉంటాయి.

బ్యాగులు మేడం దగ్గర వదిలి, బెంచీ చుట్టూ తిరిగి వెళ్ళి దాని ముందు గొంతుక్కూర్చున్నాను. తలెత్తి నా నోటి వైపు చూసింది.

"ఇందూ, రైలొచ్చింది. పోదామా?"

లేచి, తన చెప్పులు తనే వేసుకుని, నా వేలు పట్టుకుంది. ఏడాదిలో మొదటిసారి నేను దాన్ని ఒక్కసారే పిలిచాను.